ఏడో రెక్క

మా ఇంట్లో ఎవరైనా చెప్పులు వేసుకుంటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. పాలు తేవడానికి వెళ్తున్నా సరే, గొడుగు పట్టుకున్నావా, చిల్లర ఉందా, తాళంచెవి ఏదీ అంటూ మెట్ల చివరిదాకా వెంటపడతాను. "సందు మలుపు దాకా వెళ్తున్నానక్కా, సముద్రం దాటడం లేదు" అనేది చెల్లి.

అలా అనే చెల్లే, ఆ సంవత్సరం మొదటి వాన పడిన రోజున, చిక్కుపడ్డ దారం విప్పుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"వానలు వెనకబట్టాక నేను వెళ్ళిపోతానక్కా."

ఎవరితో అని అడగక్కర్లేదు. బంతులు కుట్టే ఆయనతో. ఇద్దరికీ దారాల కొట్టులో పరిచయం. మేము తెల్ల నూలుదారం కోసం వెళ్ళేవాళ్ళం, ఆయన మైనం పట్టించిన దారం కోసం వచ్చేవాడు. కొట్టువాడు లోపల ఉండలు వెతికేంతసేపూ ఏ దారం ఎందుకు తెగుతుందో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. నేను పక్కనే నిలబడి, ఇందులో అంతసేపు మాట్లాడుకోవడానికి ఏముందా అనుకునేదాన్ని. ఏముందో తర్వాత తెలిసింది. రైల్లో రాత్రంతా కూర్చుంటే గానీ చేరని ఊళ్ళో, కొత్తగా పెట్టిన బంతుల కార్ఖానాలో ఆయనకు మేస్త్రీ పని దొరికింది. చెల్లికి నలభై దాటాయి. ఆయనకు ఇంకా ఎక్కువే.

"ఈ వయసులో పెళ్ళేమిటమ్మా, ఒకరి మోకాళ్ళు ఒకరు పట్టుకోవడానికా" అంది కింద ఇస్త్రీ కొట్టు ఆవిడ, బొగ్గులు విసురుకుంటూ. నేనలా అనలేదు. "ఆ ఊరి నీళ్ళు నీకు పడతాయో లేదో" అన్నాను. భయం వేస్తే నాకు ఇలాంటి మాటలే వస్తాయి. మా ఆయన్ని ఆఖరిసారి ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, దువ్వెన పెట్టుకున్నారా అని అడిగాను.

ఆ వారంలోనే మ్యూజియం ఆవిడ మా మెట్లెక్కింది. అక్కడి పాత బట్టలన్నీ ఆవిడ చేతి కిందే ఉంటాయట. తడిసిన గొడుగు గుమ్మం బయట పెట్టి, సంచిలోంచి ఒక ఫొటో తీసింది. బల్లమీద పరిచే లేసు గుడ్డ. ఎవరు అల్లారో ఎవరికీ తెలియదు. నూరేళ్ళ పైమాటే.

"దారం పిప్పి అయిపోతోందండీ. ఇంకొన్నాళ్ళకి ముట్టుకుంటే రాలిపోతుంది. ఈలోపు అచ్చం ఇలాంటిదే ఒకటి అల్లించి పెట్టుకోవాలని. చాలామందిని అడిగాను. సగం పువ్వులు తిరగబడి ఉన్నాయి, మావల్ల కాదంటున్నారు."

చెల్లి ఫొటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

"అక్కా, ఇది చూడు. ఇక్కడెవరో నాలాంటిది కూర్చుంది."

చెల్లిది ఎడంచేతి వాటం. మా పనిలో అది చిన్న విషయం కాదు. కొక్కెం సూదితో సుడిపువ్వు అల్లేటప్పుడు నడుమ చిన్న గొలుసు చుట్టి, దాని చుట్టూ తిరుగుతూ ఆరు రెక్కలు వేస్తాం. కుడిచేత్తో అల్లితే రెక్కలు ఒక వైపుకి సుడి తిరుగుతాయి. ఎడంచేత్తో అల్లితే రెండో వైపుకి, అద్దంలో చూసినట్టు. లేసు షావుకారు చెల్లి పువ్వుల్ని ఏనాడూ తీసుకోలేదు. "నీ పువ్వు పక్కన పెడితే మిగతావి తప్పులా కనిపిస్తాయమ్మా" అనేవాడు. అందుకని ఇన్నేళ్ళూ పువ్వులు నావి, చుట్టూ అంచు గొలుసు ఆమెది. ఈ గుడ్డలో ఒక కొన నుంచి సగం దాకా పువ్వులు నావిలా తిరుగుతున్నాయి. రెండో కొన నుంచి సగం దాకా ఆమెవిలా.

"కుడిచేత్తో అల్లినవాటినే బోర్లా తిప్పి కలిపి ఉండొచ్చు కదా?" అని అడిగింది మ్యూజియం ఆవిడ. తెలుసుకోవాలని అడిగింది, పరీక్ష పెట్టడానికి కాదు.

"చూస్తే గానీ చెప్పలేం" అన్నాను.

మర్నాడు మ్యూజియంలో, కిటికీ లేని చల్లటి గదిలో, భూతద్దం కింద ముగ్గురం తలలు ఆనించి చూశాం. ముడికి మొహం ఉంటుంది, వీపు ఉంటుంది. మొహం నున్నగా, జడపాయలా ఉంటుంది, వీపు గరుకు. పువ్వును బోర్లా తిప్పితే వీపు పైకి రావాలి. ఇక్కడ రెండు సగాల్లోనూ మొహాలే పైకి ఉన్నాయి.

"అయితే ఇద్దరన్నమాట" అంది మ్యూజియం ఆవిడ నెమ్మదిగా. "ఇద్దరు చెరో కొన నుంచి మొదలుపెట్టి మధ్యలో కలుసుకున్నారు." ఇన్నేళ్ళుగా ఆ గుడ్డను చూస్తున్న మనిషి. ఎవరో తలుపు కొట్టినట్టు దానికేసి చూసింది.

ఆవిడే ఇంకో చిక్కు కూడా మా ముందు పెట్టింది. కుడిచేతి మనిషి కొనలో, చివరి వరసలో ఒక పువ్వు ఎక్కువ ఉంది. ఎడంచేతి మనిషి కొనలో ఒకటి తక్కువ. "ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే. ఆ పువ్వు దారిలో ఎక్కడ దిగిపోయిందో నాకు అంతుపట్టలేదు." మధ్య భాగమంతా గోధుమరంగు మరక. చిరగకుండా కింద సన్నటి వలగుడ్డ వేసి కుట్టారు. దాన్ని కదిలించకూడదు. మరకలో ఏ రెక్క ఎక్కడ మొదలైందో కంటికి ఆనలేదు.

ఇంటికి వస్తూ దారిలో చెల్లి అంది: "ఇది కలిసేదాకా నేనెక్కడికీ వెళ్ళను. మాట ఇచ్చేశాను." ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు నిద్ర పట్టింది.

వానలన్నీ ఆ పనిలోనే గడిచాయి. ముందు గదిలో కిటికీకి అటొకరం ఇటొకరం. దారం ఉండ దొర్లకుండా, చెమ్మ తగలకుండా, మూతకి బెజ్జం పెట్టిన డబ్బాలో వేసుకునేవాళ్ళం. చేతులకు పౌడరు రాసుకునేవాళ్ళం. నేను నా కొన నుంచి, ఆమె తన కొన నుంచి. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి చెల్లి పువ్వులు అల్లుతోంది. మొదట్లో పువ్వు పువ్వుకీ నాకేసి చూసేది, నేనెక్కడ వద్దంటానో అన్నట్టు. తర్వాత చూడటం మానేసింది. కొన్నాళ్ళకు నాకంటే వేగం పెరిగింది.

"నెమ్మది" అనేదాన్ని.

"ఎందుకు?"

ఎందుకో ఇద్దరికీ తెలుసు. "ముడులు వదులవుతాయి" అనేదాన్ని.

నాకు చదువు దారం డబ్బాల మీది అక్షరాలతో వచ్చింది. ఆ తర్వాత పొట్లాల కాగితాలు, ఆ తర్వాత ఏది దొరికితే అది. ఆ వానల్లో పాతకాగితాల కొట్టులో బడిపిల్లల రేఖాగణితం పుస్తకం ఒకటి దొరికింది. పలకలతో నేల పరచాలంటే, అన్ని పక్కలూ అన్ని కోణాలూ సమానంగా ఉండి, అన్నీ ఒకే తీరువైతే, మూడు రకాలే సందు లేకుండా అమరుతాయట: మూడు పక్కలవి, నాలుగు పక్కలవి, ఆరు పక్కలవి. ఐదు పక్కలవి ఎలా పేర్చినా సందు పడుతుంది. అది చదివాక నా కళ్ళు నేలమీదే. ఆస్పత్రి వరండాలో, బ్యాంకులో, ఎక్కడికి వెళ్ళినా పలకల పక్కలు లెక్కపెట్టడమే. "ఏం పోగొట్టుకున్నావమ్మా?" అని అడిగాడు ఒక పెద్దాయన. మా సుడిపువ్వులకు ఆరు రెక్కలే ఎందుకో అప్పుడు తెలిసింది. ఒక్కో రెక్క కొస పక్క పువ్వు రెక్కను పట్టుకుంటుంది. ఒక్కో పువ్వు చుట్టూ ఆరు పువ్వులు. అందుకే గుడ్డ నేలలా చదునుగా పరుచుకుంటుంది. ఏళ్ళ తరబడి చేతులకు తెలిసిన సంగతి తలకు చేరడానికి అంత కాలం పట్టింది.

వానలు పలచబడేసరికి మా రెండు సగాలూ ఎదురుపడ్డాయి. కలిపే పని నాది.

కలవలేదు.

నా వైపు ప్రతి వరసలోనూ ఒక పువ్వు ఎక్కువ కదా. ఒక వైపు నుంచి కలుపుకుంటూ వచ్చాను, రెండో వైపు నుంచి కలుపుకుంటూ వచ్చాను. నడుమ ఒకచోట నా పువ్వు రెక్క పట్టుకోవడానికి ఏమీ లేక గాలిలో వేలాడింది. దాని ఎదురుగా ఉన్న చెల్లి పువ్వుకేమో, రెండు రావాల్సిన చోట నావి మూడు పువ్వులు ఎదురొచ్చాయి. అన్నిటినీ పట్టుకోవడానికి దానికి రెక్కలు చాలలేదు. ఒకే రెక్కకు రెండు తగిలించి చూశాం; ముడత పడింది. గట్టిగా లాగి చూశాం. పక్క వరస మెలిపడింది. కింద ఇస్త్రీ ఆవిడ పైకి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఇద్దరూ తలోవైపు మొదలుపెడితే ఇంతే. ఒకళ్ళే చేసుకోవాల్సిన పని."

"నీ ఇస్త్రీ నువ్వు చూసుకోవమ్మా, కాలిన వాసన వస్తోంది" అంది చెల్లి. నిజంగానే ఏదో కాలుతోంది. ఆవిడ పరుగెత్తింది.

చెల్లి మళ్ళీ గుడ్డకేసి తిరిగింది. మొహంలో నవ్వు లేదు.

"ఆయన పై వారం బయలుదేరాలట. ఇంకా ఆగితే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఇది కలవకపోతే ఆయన్ని ముందు వెళ్ళమంటాను. నేను తర్వాత వెళ్తాను."

తర్వాత అనే మాట ఎంత పొడుగో నాకు తెలుసు. గుడ్డ మడతపెట్టి, వేలాడే రెక్క నలగకుండా పైకి పెట్టాను.

రెండు రోజులకు బంతులాయన వచ్చాడు. తలుపు దగ్గర చెప్పులు జతగా పెట్టి, లోపలికి వచ్చి, కుర్చీ చివర కూర్చున్నాడు. కొత్తచోట నోరు పెగలని మనిషి. చెల్లి మంచినీళ్ళు ఇచ్చి, "మా అక్క నిన్ను కొరకదు" అంది. ఆయన సంచిలోంచి బంతి ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"మీకోసం తెచ్చాను వదినగారూ. నాకు ఇంకేం చేతకాదు."

ఇంకా పెళ్ళి కాలేదు, అప్పుడే వదిన. బంతి చేతిలోకి తీసుకున్నాను. తెల్ల ముక్కలు, నల్ల ముక్కలు. పక్కలు లెక్కపెట్టడం అప్పటికే జబ్బయిపోయింది. తెల్లవి ఆరు పక్కలవి. నల్లవి ఐదు.

"ఐదెందుకు?" అని అడిగాను.

ఆయన మొహం వెలిగింది. మైనం దారం గురించి చెల్లితో మాట్లాడేటప్పుడు కూడా ఇలాగే ఉండేవాడు కాబోలు.

"అన్నీ ఆరువే కుడితే నేలమీద చాపలా పడి ఉంటుందండి. బంతి అవదు. ఐదుది ఒకటి పడితే అక్కడ లోపలికి లాక్కుంటుంది, గిన్నెలా వంగుతుంది. మీ పనిలో ఐదు తప్పేమో గానీ, మా పనిలో ఐదు లేకపోతే బంతే లేదు."

"ఏడు పక్కలది పెడితే?"

ఆయన నవ్వాడు. "ఒకడు తాగి వచ్చి ఏడుది కోశాడండి. కుట్టి చూస్తే అక్కడ అంచు అలలా లేచిపోయింది. మిగిలిపోయిన గుడ్డలాగ. ఎటూ అణగదు."

ఐదు లాక్కుంటుంది. ఏడు వదులుతుంది. బంతి నా ఒళ్ళో ఉంది. వేలాడే నా రెక్క, రెక్క చాలని చెల్లి పువ్వు, రెండూ పక్కపక్కనే కళ్ళ ముందుకు వచ్చాయి. మరి ఐదు పక్కనే ఏడు పెడితే అని అడగబోయాను. నోటిదాకా వచ్చింది.

"గొడుగు తెచ్చుకున్నారా?" అన్నాను.

"వాన లేదు కదండి."

"పడుతుంది" అన్నాను. మెట్లదాకా వెళ్ళి, తాళంచెవి ఉందా అని కూడా అడిగాను. వెనక్కి తిరిగేసరికి చెల్లి గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది.

"ఆయన్ని కూడా అడిగావు" అంది.

మర్నాడు చెల్లి దారాల కొట్టుకు వెళ్ళింది. నేనొక్కదాన్నే గుడ్డ ముందు కూర్చున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గుడ్డ అలాగే విడిగా ఉంటుంది, చెల్లి కిటికీకి అటు వైపు కూర్చుని ఉంటుంది. వానాకాలం పోతుంది, ఇంకోటి వస్తుంది. కానీ నిజం చెప్పాలంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. నిజంగా చదునుగా పడుతుందా? చూడాలని వేళ్ళు లాగుతున్నాయి. సూది తీశాను. వేలాడే పువ్వును విప్పేసి, దాని చోటుకి కొత్తది అల్లాను. ఐదో రెక్క దగ్గర ఆగి, చివరి ముడి వేసేశాను. మా పనిలో ఇలాంటి పువ్వు చెత్తబుట్టలోకి పోతుంది. దాన్ని చెల్లి కూర్చునే చోట పెట్టాను.

అంతకు మించి నావల్ల కాదు. ఏడు రెక్కలది ఆమె వైపున పడాలి. అది రెండో వైపుకి సుడి తిరగాలి.

చెల్లి వచ్చి, చెప్పులు విప్పి, పౌడరు రాసుకుని కూర్చుంది. తన చోట పెట్టిన పువ్వును తీసి వెలుతురుకు పట్టుకుంది.

"కళ్ళజోడు మార్పించుకో అక్కా. ఒక రెక్క మింగేశావు."

అవునే, చూపు ఆనడం లేదు అంటే సరిపోయేది. నవ్వి అవతల పడేసేది. బయట ఎవరో రేకు డబ్బా దొర్లిస్తున్నారు. ఆ చప్పుడు సందు చివరిదాకా వెళ్ళేవరకు విన్నాను.

"మింగలేదు" అన్నాను. "నీ పువ్వుకి ఒక రెక్క ఎక్కువ వెయ్యి."

చెల్లి నాకేసి చూసింది. తర్వాత గుడ్డకేసి చూసింది. మూలనున్న బంతికేసి చూసింది. తన పువ్వు ఒకటి విప్పి, గొలుసు చుట్టడం మొదలుపెట్టింది. ఏడో రెక్క దగ్గర ఆమె చెయ్యి కూడా ఆగింది. ఇన్నేళ్ళ అలవాటు, ఆరు దాటి పోనంటుంది. తర్వాత వేసింది. వేసి, ముందు తన వరసకు తగిలించి, గుడ్డ నా ఒళ్ళోకి తోసింది.

నేను కలిపాను. ఒక్కో రెక్కా ఒక్కో రెక్కను పట్టుకుంది. ఏదీ మిగల్లేదు, ఏదీ చాలకపోలేదు. నేలమీద తుండుగుడ్డ పరిచి, దానిమీద పెట్టి, అరచేత్తో రాశాను. కొంచెం బిగువు, కొంచెం వదులు, అంతే. చదునుగా పడింది.

"పడింది" అంది చెల్లి.

"పడింది" అన్నాను.

గంజి పెట్టి, గుండుసూదులతో పలకకు గుచ్చి, ఆరబెట్టి, మ్యూజియానికి తీసుకెళ్ళాం. మ్యూజియం ఆవిడ ముందు రెండు కొనలూ లెక్కపెట్టింది. నా వైపు ఒకటి ఎక్కువ, చెల్లి వైపు ఒకటి తక్కువ. "ఎలా చేశారు?" అంది. నేను చోటు చూపించాను. ఆవిడ వేలు పెట్టి ఒకటి రెండు అని రెక్కలు లెక్కపెట్టుకుంది. పెట్టుకుని, దీపం తెచ్చి పాత గుడ్డ మరక మీదికి వంచింది. ఇప్పుడు ఏం వెతకాలో తెలుసు. మేం వరసలు వెతికాం అప్పుడు. ఇప్పుడు ఒక్కో పువ్వు దగ్గరా ఆగాం.

ముందు నాకే దొరికింది, ఐదు. మరక నడుమ, కుడిచేతి మనిషిది. దాన్ని ఆనుకుని, రెండో వైపుకి సుడి తిరిగిన ఏడు.

"ఒకావిడ పొరపాటున ఐదు వేస్తే రెండో ఆవిడ సర్దుకుందంటారా?" అని మ్యూజియం ఆవిడ అడిగింది. "లేకపోతే ముందే అనుకుని చేశారంటారా?"

"లెక్కలో ఒక పువ్వు ఎక్కువ మొదలుపెట్టింది మాత్రం కుడిచేతి ఆవిడే" అంది చెల్లి. "అక్కలే అలా చేస్తారు, గుడ్డ చాలదేమోనని."

నవ్వాం. కానీ ఆవిడ అడిగింది నాలో అలాగే ఉండిపోయింది. ఆ ఇద్దరూ ఎవరు, ఒకే ఇంట్లో ఉండేవారా, గుడ్డ కలిశాక ఎవరు ఎటు వెళ్ళారు? నూరేళ్ళ కిందట ఆ ఏడో రెక్క వేయమని ఎవరు అడిగారు?

రిజిస్ట్రారు ఆఫీసులో నేను సాక్షి సంతకం పెట్టాను. అక్కడి నేల నాలుగు పక్కల పలకలది. స్టేషనులో బంతులాయన పెట్టెలు సర్దుతుంటే నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళ సీసా, టికెట్లు, తాళాలు, అడగాల్సినవన్నీ గొంతులో వరసకట్టి ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. రైలు కదిలాక చెల్లి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"గొడుగు తెచ్చుకున్నావా అక్కా?"

తెచ్చుకోలేదు. ఇంటికి తడుస్తూనే వచ్చాను.

రెండు గుడ్డలూ ఇప్పుడు మ్యూజియంలో పక్కపక్కన అద్దం వెనక ఉన్నాయి. అప్పుడప్పుడూ వెళ్తాను. చెల్లి ఇప్పుడు ఆ ఊళ్ళో కూడా లేదు. అయినా మా గుడ్డ ముందు నిలబడితే నా ఐదు వెంటనే దొరుకుతుంది. తక్కువైంది కంటికి త్వరగా తగులుతుంది. దాని పక్కనున్న చెల్లి ఏడు మాత్రం అలా దొరకదు. కన్ను దాన్ని ఆరే అనుకుని దాటిపోతుంది. వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి. అద్దం మీద వేలు పెట్టకూడదని మొదట్లో కాపలా ఆయన కేకలేసేవాడు. ఇప్పుడు నేను అటు వెళ్తున్నానంటే చాలు, కుర్చీ తిప్పుకుని గుమ్మంకేసి కూర్చుంటాడు.